హారికకు ఉద్ది దొరికింది

షమీమూ,

నువ్వు పోయి ఏడాది దాటినా ఇలాంటివి చెప్పుకోవడానికి నువ్వే గుర్తొస్తావు. ఈ రోజు మా హారికను ఆటల పీరియడ్ నుంచి తప్పించమని అడగడానికి మాచర్లలో వాళ్ల స్కూలుకి వెళ్లాను. అది పరుగులో మనలాగే, అందరికన్నా వెనక.

గ్రౌండ్‌లో ఆడపిల్లలు కబడ్డీకి జట్లు పంచుకుంటున్నారు. సమానంగా ఆడే ఇద్దరేసి ఉద్దులుగా కలిసి, చాటుగా మారుపేర్లు పెట్టుకుని వస్తున్నారు. ఎవరిదే పేరో తెలియకుండానే కెప్టెన్లు కోరుకోవాలి. మన చిన్నప్పుడు మనిద్దరమే ఎప్పుడూ ఉద్దులం. "ఈ రెండు బస్తాల్లో ఏది పడితే ఏంది?" అనేవాడు మన పీఈటీ సార్. హారిక పక్కన మాత్రం ఎవరూ నిలబడలేదు.

అప్పుడు వాళ్ల పీఈటీ మేడం చున్నీ నడుముకు బిగించి, "ఏమే, నాకూ ఉద్ది దొరకలా. వస్తావా?" అంది. నేను బిత్తరపోయాను. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని వచ్చారు.

"ఉసిరికాయ కావాలా, చింతకాయ కావాలా?"

కెప్టెన్ ఉసిరికాయ అంది. ఉసిరికాయ హారిక!

"అయ్యో, మేడం అటెళ్లిపోయిందే!" అని ఆ జట్టంతా గోల.

"ఏడవబాకండే, మేడంని నేను పట్టుకుంటాగా," అంది హారిక. అది నా కూతురేనా అనిపించింది.

పట్టుకోలేదు. మేడం తొలి కూతకే దాన్ని తాకేసింది. అది మట్టి దులుపుకుని, పగలబడి నవ్వుతూ బయటికొచ్చింది. అడగడానికి వెళ్లింది అడగకుండానే తిరిగొచ్చాను.

అవుటైనప్పుడు నవ్వొచ్చని మనకెవరూ చెప్పలేదు కదే?