ఒకే బండి, రెండు నంబర్లు

మార్చి 2, సోమవారం

నా నంబర్ 9.4. తనది 11.1.

ఒకే బండి, ఒకే రోడ్డు, అవే గుడ్లు. పద్నాలుగేళ్ళ పాత పికప్ అది. మామగారికి కళ్ళు మందగించాక స్టీరింగ్ నాకిచ్చారు, ఎనిమిదేళ్ళయింది. మా తోడికోడలి చేతికి వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు తనవి. ఎవరు వెళ్ళినా గుట్ట మీది మా కోళ్ళఫారం నుంచి కింద టౌనుకి పద్దెనిమిది కిలోమీటర్లు, అందులో ఎనిమిది దిగుడు. వచ్చేటప్పుడు దాణా బస్తాలతో ఎక్కాలి. ఫారం పక్కనే ఉన్న బంకులో ట్యాంకు ఫుల్ చేయించి చీటీ తేవాలి. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో మామగారు లెక్క కట్టి రిజిస్టర్లో రాస్తారు.

ఇవాళ పొద్దున టీ తాగుతూ దాన్ని పైకి చదివారు. బండి ముసలిదైపోయింది, డీజిల్ నీళ్ళలా తాగుతోంది అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా, ఆ మద్దెలే కదా చిన్నకోడలూ వాయిస్తోంది అన్నారు. తను నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

అసలు మాట తర్వాత చెప్పారు. షెడ్లలో పని పెరిగిందట. ఇద్దరు కోడళ్ళూ రోడ్డు పట్టుకుని తిరిగితే కుదరదట. ఏప్రిల్ నుంచి ఒక్కరే తోలాలి, నెలాఖరుకి ఎవరి నంబర్ ఎక్కువుంటే వాళ్ళు. రెండోవాళ్ళు లోపల గుడ్లు ఏరే బల్ల దగ్గర కూర్చోవాలి.

గేటు దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నేను ఎవరి కోడల్నీ కాదు, ఎవరి పెళ్ళాన్నీ కాదు. ఆ మూడు గంటలు కూడా పోతే నాకేం మిగులుతుంది?

మార్చి 4, బుధవారం

నాలుగు టైర్లలోనూ గాలి తక్కువుంది. కొట్టించాను. 9.6.

మా ఆయనతో చెప్పుకున్నాను. ఎవరు తోలితే ఏంటి, మిగిలేది మనింటికేగా అన్నాడు. ఈయనకి బండీ ఒకటే, బల్లా ఒకటే.

మార్చి 6, శుక్రవారం

బండి వెనక ఎంత చెత్త పేరుకుందో! విరిగిన ఇనుప గేటు, గొలుసు, రెండు చచ్చిన బ్యాటరీలు, ఎప్పటిదో తడిసి బరువెక్కిన టార్పాలిన్. అన్నీ దింపాను. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే కోడి ఈకలు గుప్పెడు వచ్చాయి. నడుం పట్టేసింది.

9.9! మామగారు చూసి, ఫరవాలేదే అన్నారు. ఎనిమిదేళ్ళలో మొదటి మెప్పు.

మార్చి 7, శనివారం

తనది 11.7.

దింపింది నేను. దులిపింది నేను. సొమ్మొకడిది, సోకొకడిది. బండి ఒకటే కాబట్టి నేను ఏం బాగుచేసినా మర్నాటికి అది తన ఖాతాలో పడుతుంది. ఇంత తెలివితక్కువ పోటీ ఎక్కడైనా ఉంటుందా?

మార్చి 11, బుధవారం

తను ట్యాంకు పూర్తిగా నింపించడం లేదేమో అని అనుమానం వచ్చింది. కొంచెం వెలితిగా ఆపించేస్తే నంబర్ ఎక్కువ కనిపిస్తుంది, ఆ వెలితి మర్నాడు నా నెత్తిన పడుతుంది. బంకులో పనిచేసే ఆవిడని మాటల్లో పెట్టి అడిగాను. అయ్యో, ఆ అమ్మాయైతే మూతిదాకా పోయించుకుంటుంది, బుడగలు పోవాలని బండిని ఊపి మరీ పోయించుకుంటుంది, మీకే అంత ఓపిక ఉండదు అంది.

గుడ్ల వ్యాపారంలో ఉన్నాం కదా, కోడిగుడ్డు మీద ఈకలు పీకడం నాకు బాగానే వచ్చు.

మార్చి 13, శుక్రవారం

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక చక్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. బ్రేకులు పట్టేసి ఉన్నాయి, బండి తన కాలు తనే తొక్కుకుంటూ నడుస్తోంది, మైలేజ్ ఎలా వస్తుంది అన్నాడు. వదులు చేశాడు. కొత్త బ్రేకు షూలు తెప్పించాలట, రెండు వారాలు పడుతుందట. అందాకా పెడల్ కొంచెం కిందికి పోతుంది, రెండుసార్లు తొక్కితే గానీ గట్టిగా పట్టదు, ఇంకెవరైనా తోలితే మర్చిపోకుండా చెప్పండి అన్నాడు.

10.7. నా చేతిలో ఇంత ఎప్పుడూ రాలేదు.

మార్చి 14, శనివారం

12.3. తనది.

వచ్చి అడిగింది. అక్కా, బ్రేకు కాస్త కిందికి పోతున్నట్టుంది, మీకూ అలాగే ఉందా అని. నాకేం తేడా తెలీలేదే అన్నాను.

ఎందుకలా అన్నాను? చెబితే బ్రేకులు వదులు చేయించింది నేనని తెలుస్తుంది. ఆ 12.3 నా పుణ్యమే అని తెలిస్తే నాకే మంచిది కదా. అయినా నోరు రాలేదు. నా దగ్గరున్నది ఇంకొక్కటి కూడా తనకివ్వబుద్ధి కాలేదు. అంతే.

మార్చి 19, గురువారం

దొరికింది!

మూడో మలుపు దగ్గరున్న హాస్టల్‌కి నిన్న రెండు ట్రేలు తక్కువ వెళ్ళాయని ఫోన్ చేస్తే, మా ఆయన స్కూటర్ మీద నేనే పట్టుకెళ్ళాను. గేటు దగ్గర నిలబడి ఉండగా మన పికప్ దిగింది. కళ్ళతో చూసేదాకా మన బండి అనుకోలేదు, ఎందుకంటే శబ్దం లేదు. ట్రేల గలగల తప్ప ఏమీ లేదు. పైన తాళం తిప్పేసి, ఇంజన్ ఆపేసి, ఎనిమిది కిలోమీటర్లూ ఊరికే జారిపోతోంది మహారాణి.

ఇదా నీ పన్నెండు! ఇంటికొచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

మార్చి 20, శుక్రవారం

ఎవరో తెలిసినవాళ్ళు అలా తోలుతారట అని మెకానిక్‌ని అడిగాను. చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు. ఇంజన్ ఆగితే బ్రేకుకి బలం ఉండదు, రెండు తొక్కుళ్ళు, మహా అయితే మూడు, ఆ తర్వాత రాయిని తొక్కినట్టే, స్టీరింగ్ కూడా బిగుసుకుపోతుంది అన్నాడు. వాళ్ళెవరో గానీ ఇవాళే చెప్పండి అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు, అదే నన్ను పొడుస్తోంది. తాళం తిప్పితే మిగిలేది చెంచాడేనట. గేర్లో ఉంచి కాలు తీసేసినా ఇంజన్ పెద్దగా తాగదట. అంత నంబర్ వస్తోందంటే అది కాలి మెత్తదనమే, మనిషి మంచి డ్రైవర్ అయ్యుండాలి అన్నాడు.

మంచి డ్రైవర్!

రెండు తొక్కుళ్ళు. అందులో మొదటిది వట్టిదని నాకు తెలుసు. వదులు చేయించింది నేనే.

చెప్తాను. కానీ ఇప్పుడు కాదు. ముప్పై ఒకటిన రిజిస్టర్ తెరిచాక, అందరి ముందు చెప్తాను. అప్పుడు ఎలా నవ్వుతుందో చూడాలి.

మార్చి 21, శనివారం

ఇంకా పది రోజులు.

మార్చి 24, మంగళవారం

టౌను నుంచి డ్రైవర్ సీటుకి ఒక దిండు కొనుక్కొచ్చింది. తనకి కాదు, నాకట. అక్కా, నడుం నొప్పన్నారు కదా అంది. ఎప్పుడన్నానో నాకే గుర్తు లేదు. నన్ను ముసలిదాన్ని చేసేసింది అనుకున్నాను.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అప్పుడే మామగారు 12.5 అని పైకి చదివారు.

మార్చి 26, గురువారం, ఉదయం 7.20

ఇవాళ ఆర్డర్ ఎక్కువ. నూట నలభై ట్రేలు. నేనే దగ్గరుండి ఎక్కించాను. ఇంత బరువుతో ఎప్పుడూ దిగలేదు. తను అద్దం సర్దుకుని, వస్తానక్కా అంది. జాగ్రత్త అన్నాను. రోజూ అనే మాటే. అది చెప్పినట్టు అవుతుందా?

7.35

ఫోన్ చేశాను. ఎత్తలేదు. తోలేటప్పుడు ఎత్తదు, మంచి డ్రైవర్ కదా. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను.

స్కూటర్ తాళం ఎక్కడ పెట్టాడీయన!

సాయంత్రం

బతికే ఉంది.

మూడో మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చిందట. తప్పించాలని బండిని మట్టిగట్టు మీదికి ఎక్కించింది. నేను వెళ్ళేసరికి హాస్టల్ వాళ్ళు తలుపు వంచి బయటికి తీస్తున్నారు. రోడ్డంతా పచ్చసొన. దాంట్లో జారుకుంటూ దగ్గరికి వెళ్ళాను. ఎడమ కాలర్ బోన్ విరిగింది, నుదుటికి ఆరు కుట్లు. నన్ను చూసి, అక్కా గుడ్లన్నీ పోయాయి అని ఏడ్చింది.

నాలుగువేల రెండు వందల గుడ్లు.

మార్చి 28, శనివారం

ఆసుపత్రిలో నా వంతు. మరిది ఇంటికి వెళ్ళాడు. మేమిద్దరమే ఉన్నాం.

తనే మొదలుపెట్టింది. అక్కా, తప్పు నాదే, దిగుట్లో ఇంజన్ ఆపేదాన్ని, మామగారికి చెప్పకండి, మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను అంది. ఎందుకాపేదానివి అని అడిగాను, ఏమీ తెలియనట్టు. మీరు టౌను నుంచి తిరిగొచ్చి బండి దిగేటప్పుడు మీ మొహం చూసేదాన్నక్కా అంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నుంచీ చూసేదట. ఈ ఇంట్లో ఇంకెప్పుడూ మీ మొహం అలా ఉండదు, ఒక్కసారి నాకూ అలా దిగాలనిపించింది, దిగాక ఇక వదలాలనిపించలేదు అంది.

ఇన్నాళ్ళూ తన మీద నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుంటే, తను నా మొహం చూసి కుళ్ళుకుందన్నమాట.

నాకు తెలుసు అని అప్పుడే అనాల్సింది. మందులు తీసుకొస్తానని బయటికి వచ్చేశాను. తేవాల్సిన మందులేమీ లేవు.

మార్చి 31, మంగళవారం

మామగారు రిజిస్టర్ తెరవలేదు. బండి తాళం నా ముందు పెట్టి, ఇంకెవరున్నారమ్మా, నువ్వే దిక్కు అన్నారు.

గెలిచాను.

ఏప్రిల్ 6, సోమవారం

బండి వచ్చింది. కొత్త బ్రేకు షూలు, కొత్త తలుపు, ఆ తలుపు రంగు కలవలేదు. దిండు సీటు మీద అలాగే ఉంది. దాని మీద ఎండిపోయిన సొన మరక. ఉతికాను, పోలేదు.

దిగుడంతా రెండో గేర్లో దిగాను. 8.8. ఇదేంటమ్మా అన్నారు మామగారు. ఇంతే వస్తుంది అన్నాను.

ఏప్రిల్ 17, శుక్రవారం

డాక్టర్‌కి చూపించాలని తను కూడా వచ్చింది. ఎడమ చెయ్యి మెడకి కట్టుకుని పక్క సీట్లో కూర్చుంది.

దిగుడు మొదలవగానే చెప్పేశాను. బ్రేకులు, హాస్టల్ గేటు, ముప్పై ఒకటి, అన్నీ. రెండో గేర్లో ఇంజన్ ఒకటే మొత్తుకుంటోంది. విందో లేదో తెలీదు. కిందికి వచ్చేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

మార్కెట్ ముందు ఆపాను. నా మీదుగా కుడి చెయ్యి చాపి, తాళం తిప్పి, ఇంజన్ ఆపింది.

ఇప్పుడు మళ్ళీ చెప్పమంది.