బొరుసు పైకి తిరిగిన నాణేలు

కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే నేను, డెబ్బై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకున్న వీలునామా ఇది. కింద రాసినవి చదివి నాకు మతి చలించిందని అనబోయేవాళ్ళ కోసం డాక్టరుగారి ధ్రువపత్రం జతచేశాను. నర్సుగా పనిచేస్తున్న నా కూతురు దీన్ని అమలుపరచవలెను.

1. దుకాణం, అద్దాలు అరగదీసే యంత్రం, ఈ రెండు గదుల ఇల్లు, అన్నీ నా స్వార్జితం. నా అనంతరం సర్వహక్కులతో కూతురికి చెందవలెను. యంత్రం మొరాయిస్తే ఎడంపక్క ఒక్క దెబ్బ వెయ్యమ్మా, దారికొస్తుంది.

2. మొహం పూర్తిగా అరిగిపోయిన రాగి నాణెం కూడా కూతురిదే. నా రోమన్ నాణేల్లో మీ అమ్మకు నచ్చింది ఇదొక్కటే. నేను భోజనాల బల్లమీద నాణేలు పరిచి శుభ్రం చేసుకుంటుంటే, రాజుల తలలున్న బొమ్మవైపు కిందికి పోయి బొరుసు పైకి వచ్చేలా అన్నిటినీ తిప్పేశాకే ఆవిడ కంచం ముందు కూర్చునేది. "చచ్చిపోయినవాళ్ళు అలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు ముద్ద దిగదు" అనేది. ఈ అరిగినదాన్ని మాత్రం "పాపం, మర్యాదస్థుడు" అని వదిలేసేది.

3. ఆవిడ పోయి పదేళ్ళు. నెల తిరక్కముందే మొదలైంది. బీరువాలో బొమ్మ పైకి పెట్టి తాళం వేసి వెళ్ళిన నాణేలు, సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చేసరికి బొరుసు పైకి ఉండేవి. అప్పట్లో బస్సు కండక్టరైన నా తమ్ముడు నాతోనే ఉండేవాడు. ఏడాది ఓర్చుకుని, నన్ను ఏడిపించడానికి వాడే చేస్తున్నాడని వాడి బట్టల పెట్టె వీధిలోకి విసిరేశాను. "అన్నయ్యా, ఆ బీరువా తాళంచెవి ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు" అన్నాడు. వినలేదు. మర్నాడు బీరువాకు లక్కముద్ర వేసి వెళ్ళాను. సాయంత్రం ముద్ర ముద్రలాగే ఉంది. లోపల మాత్రం నాణేలు తిరిగే ఉన్నాయి.

4. మూడు మాత్రం ఎన్నడూ తిరగలేదు. పరీక్ష చేయిస్తే అవి నకిలీవని తేలింది. నాకు అంటగట్టిన దళారికే వాటిని తిరిగి ఇచ్చేయవలెను. నా భూతద్దం కూడా ఇవ్వండి, కాస్త సిగ్గు తెచ్చుకుంటాడు.

5. ఈ నెల మూడో తారీకు నుంచి నాణేలు కదలడం లేదు. రాజులందరూ పైకే చూస్తున్నారు. ముందుగదిలోని నా ఫోటో మాత్రం, నేను ఇంటికి వచ్చేసరికి గోడవైపు తిరిగి ఉంటోంది. ఏడుసార్లు సరిచేశాను. ఎనిమిదోసారి చెయ్యి రాలేదు. అందుకే ఇంత తొందరగా ఈ కాగితం. భయం లేదని అబద్ధం రాయను.

6. మిగిలిన నాణేలన్నీ బీరువాతో సహా నా తమ్ముడికి చెందవలెను. ఒరేయ్, నువ్వు కాదని ఆ మర్నాడే తెలిసింది. తొమ్మిదేళ్ళుగా నోరు పెగల్లేదు. అహం. నేను పోయాక ఈ ముక్క చదివి నువ్వు నన్ను క్షమించినా అది నాకు తెలియదు కదా. అందుకని నకలు ఇవాళే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. వస్తే తలుపు కొట్టు. పలక్కపోతే తోసుకుని వచ్చెయ్యి. గడియ పెట్టడం మానేశాను.

నవంబరు పన్నెండు, బుధవారం.

(సంతకం) వీధిలో అందరూ అద్దాలాయన అని పిలిచే నేను

మా ఇద్దరి కళ్ళెదుట సంతకం చేశారు:
కింది వాటా దర్జీ
ఎదురు మందుల షాపు ఆవిడ