కాళ్ల దగ్గర పట్టే సంచి

పిసినారి చిట్టికి,

అమ్మ ఆశీస్సులు. నా కాలు బాగానే ఉంది. తుంటి విరిగిన ముసలిది ఎంత బాగుండాలో అంత. ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే “ఛార్జింగ్ అయిపోతోందమ్మా” అంటావు కాబట్టి ఉత్తరమే గతి. దీన్ని మధ్యలో పెట్టేయలేవు.

నీ కూతురు మొన్న మళ్లీ వచ్చి వెళ్లింది. నా తుంటి పుణ్యమా అని నెలకోసారి వస్తోంది. పంపించేది నీ అల్లుడుగారే. అది నా మీద ప్రేమో, నా తరవాత ఈ ఇల్లు ఎవరిదన్న ఆలోచనో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. టికెట్లు కూడా ఆయనే వెతుకుతారు. ఉన్నవాటిలో చవక విమానం, అందులో మళ్లీ అన్నిటికన్నా చవక టికెట్. మంచినీళ్లు కొనుక్కోవాలి. సామాను అంటే ముందు సీటు కింద, కాళ్ల దగ్గర పట్టే సంచి ఒక్కటే. అంతకు మించితే టికెట్టుకన్నా జరిమానా ఎక్కువ. రైలు ఆ వైపుకి లేదు, బస్సులో పగలంతా పోతుంది కాబట్టి అదే మేలని పిచ్చుక అంటుంది. (చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదని ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు ఆ మాత్రమూ తినడం లేదు.)

ఆ పిల్ల వేషం నువ్వు చూడాలి. బయట ఎండ మాడ్చేస్తోంటే రెండు చొక్కాలు, పైన స్వెటరు, దాని మీద కోటు!

“ఏమే, మంచుకొండ దిగి వస్తున్నావా?” అన్నాను.

“సంచిలో పట్టవు అమ్మమ్మా. ఒంటి మీదుంటే తూకం వెయ్యరుగా.”

నీ కడుపున పుట్టిందని రుజువు అక్కర్లేదనుకుని నవ్వాను. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్క చొక్కా, పైన ఆ కోటు. మిగతావి నా బీరువాలోనే. పోయిన నెలా ఇంతే, ఆ ముందు నెలా ఇంతే. మతిమరుపు నాకు రావాలి గానీ దానికి రావడమేమిటి?

నిన్న బీరువా తెరిస్తే అడుగున నా మునిమనవరాలు బుడంకాయ గౌన్లు కనిపించాయి. దానికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ గౌన్లు నాలుగేళ్ల పిల్లవి. పోనీ ఆ పిల్లనైనా ఒక్కసారి తెచ్చి చూపించిందా అంటే, లేదు. విమానంలో పాపకి చెవులు నొప్పెడతాయని ఆయన వద్దంటారట.

ముందు ముందు ఎదగబోయే పిల్ల బట్టలు ఇప్పుడే నా బీరువాలోకి ఎందుకొచ్చాయి చిట్టీ? నీకేమైనా తెలిస్తే రాయి.

అమ్మ


చిట్టికి,

నీ జవాబు అందింది. “కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా” అని రాశావు. సామెత బాగుంది. కందనే అడిగాను. విను.

ఈసారి వచ్చినప్పుడు స్వెటరు విప్పడానికి అవస్థ పడుతుంటే నేనే చెయ్యి లాగాను. మోచేతి పైన నాలుగు వేళ్ల గుర్తులు. వెనక్కి తిప్పి చూస్తే బొటనవేలిదీ ఉంది.

“తలుపు తగిలింది అమ్మమ్మా.”

“తలుపులకి వేళ్లుంటాయటే?”

అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. బట్టలు మడతపెడుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. పెళ్లయిన ఏడాది నుంచీ ఇదే. బయలుదేరేటప్పుడు నీ అల్లుడు సంచి మంచం మీద గుమ్మరించి చూస్తాడట. ఒక జత బట్టలు, ఒక దువ్వెన. అంత చిన్న సంచితో వెళ్లిన మనిషి తిరిగి రాక ఎక్కడికి పోతుందని ఆయన ధీమా. ఒంటి మీద నాలుగు వేసుకుంటే మాత్రం, జరిమానా తప్పించుకునే తెలివి వచ్చిందని మెచ్చుకున్నాడట. అలా ఆ పిల్ల, పాప గౌన్లు స్వెటరు లోపల దాచుకుని మరీ, తన కాపురాన్ని ఒక్కొక్క పొరే నా బీరువాలోకి చేరవేసింది.

పోలీసులకు చెబుదామన్నాను. “పాప ఆయన చేతిలో ఉండగా వద్దమ్మమ్మా” అని నా నోరు మూసింది. ఆయన ఆఫీసులో ఉన్న వేళ చూసి, బుడంకాయను ఒళ్లో పెట్టుకుని వచ్చేయాలని అనుకున్నాం. రెండేళ్లు నిండేదాకా పిల్లలకు ఒళ్లోనే చోటు, టికెట్టు నామమాత్రం. నీకు ముందుగా రాయలేదు. రాస్తే అది అల్లుడి చెవిన పడుతుందని భయపడ్డాను. తప్పనిపిస్తే అనుకో.

తీరా బయలుదేరాల్సిన రోజు విమానం రద్దయింది. చవక విమానాలకు అదేమంత వింత కాదు, ఆ ఊరి నుంచి ఉన్నదే ఒక్కటి. మర్నాడు చూసుకోవచ్చు కదా అంటావు. రద్దయిందన్న కబురు ఆయన ఫోనుకి వెళ్లింది. టికెట్టు కొన్నప్పుడు పదో వంతు తగ్గుతుందని ఆ వెర్రిపిల్ల ఆయన సభ్యత్వం నంబరే కొట్టిందట. కావాలని కాదు, వేలికి అలవాటైపోయింది. రాయితీ లేకుండా ఏదైనా కొంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో దానికే తెలుసు.

ఇదంతా నాకు ఫోన్ చేసి చెప్పింది ఆయనే. తడిగుడ్డతో గొంతు కోసే గొంతు ఎప్పుడైనా విన్నావా? “నా నంబరే కొట్టింది చూడండి అమ్మమ్మగారూ” అని నవ్వాడు. “మీ మనవరాలు ఇక ప్రయాణాలు చెయ్యలేదులెండి. వెన్ను పట్టేసింది.” వెనకాల బుడంకాయ ఏడుస్తోంది. పిచ్చుక ఊరుకోబెడుతున్న చప్పుడు లేదు.

వెళ్లి చూసి రా. తల్లివి నువ్వు.

అమ్మ


చిట్టీ,

నువ్వు వెళ్లలేదు. “అల్లుడితో మాట్లాడాను, మామూలు వెన్నునొప్పేనట” అని రాశావు. అందుకని నేనే వెళ్లొచ్చాను. ముప్పయ్యేళ్లు బడిలో పటం మీద కర్రతో చూపించిన కొండలను మొదటిసారి పైనుంచి చూశాను. పటంలోనే బాగుంటాయి.

తలుపు వాడే తీశాడు. ఇకనుంచి ‘వాడు’ అనే రాస్తాను, అలవాటు చేసుకో. పిచ్చుక కుర్చీలో ఉంది. నడుముకి పట్టీ. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. “ఎందుకొచ్చావు అమ్మమ్మా, నేను బాగానే ఉన్నాను” అని పద్యం అప్పజెప్పినట్టు చెప్పి, తప్పు పోలేదు కదా అన్నట్టు వాడి ముఖంలోకి చూసింది. నా కర్రతో వాడి నెత్తి పగలగొట్టాలనిపించింది. కానీ ఆ కర్ర లేకపోతే నేను నిలబడలేను.

అందుకని నోటితోనే పని కానిచ్చాను. ఇల్లు పాప పేర రాసే ఆలోచన ఉందన్నాను. పాప కొన్నాళ్లు నా కళ్లెదుట మసిలితే మనసు కుదురుతుందన్నాను. “వచ్చే నెల నుంచి దానికీ పూర్తి టికెట్టేగా నాయనా, ఇప్పుడైతే నా ఒళ్లోనే, ఊరికే వచ్చినట్టు” అన్నాను. ఆ చివరి మాట ఇంటి మాటకన్నా బాగా పని చేసింది.

“తల్లి ఇక్కడే ఉంటుందిగా, పిల్ల ఎక్కడికి పోతుంది లెండి” అన్నాడు. చెవుల నొప్పి ఊసు ఎత్తలేదు. పిల్లను నాతో పంపుతున్నట్టు కాగితం మీద వాడే సంతకం పెట్టాడు.

బయలుదేరుతుంటే పిచ్చుక గోడ పట్టుకుని లేచొచ్చి ఆ కోటు నా భుజాల మీద వేసింది. “విమానంలో చలిగా ఉంటుంది అమ్మమ్మా” అని పైకి అంది. బొత్తాములు పెడుతూ నాకు మాత్రం వినబడేటట్టు, “అన్నీ వచ్చేసినట్టే, ఇక మిగిలింది నేనే” అంది. బుడంకాయ తల్లి వేలు వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. దారి పొడుగునా ఏడ్చింది, చెవుల నొప్పికి కాదు.

ఇప్పుడు నీ సంగతి. పిల్లను వదిలి నేను మళ్లీ వెళితే వాడికి అనుమానమొస్తుంది, తలుపు తియ్యడు. నీకు తీస్తాడు. ఇన్నేళ్లూ వాడి పక్షాన మాట్లాడినందుకు నీకు మిగిలిన లాభం అదొక్కటే. ఇక్కడి పోలీసులకు అన్నీ చెప్పాను. ఆ ఊరి స్టేషనుకి కబురు వెళ్లింది. నువ్వు దిగగానే ఇద్దరు నీతో వస్తారు. వాళ్లు తలుపు తట్టక ముందు నువ్వు లోపల దాని పక్కన ఉండాలి. ఆ మధ్యలో వాడేం చేస్తాడోనన్నదే నా భయం.

టికెట్లు కొనేశాను. పోవడానికి ఒకటి, రావడానికి రెండు. నీకు నచ్చే రకమే, అన్నిటికన్నా చవకవి. తేదీ మారదు, పేరు మారదు, వెళ్లకపోతే పైసా వెనక్కి రాదు. కబురేదైనా నా ఫోనుకే వస్తుంది. సామాను డబ్బు కట్టలేదు. దానివన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఆ కోటు మీదే బుడంకాయను పడుకోబెట్టి, ఎదురు చూస్తూ,
అమ్మ