చిల్లు లేని చొక్కా

నాంపల్లి,
12 మార్చి 2025, బుధవారం సాయంత్రం.

పూజ్యురాలైన సాయిసుధ అక్కకి,

తమ్ముడు రాఘవేంద్ర దణ్ణం పెట్టి ఫోన్లో టైపు కొడుతున్న సంగతులు. తాతయ్య ఉత్తరాలు ఇలాగే మొదలయ్యేవని నువ్వే చెప్పావు కదా. ఇక్కడ నేను క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని కొట్టబోతే వేలు ఆగిపోయింది. నిన్న ఆసుపత్రి అద్దాల గదిలోంచి చెయ్యి ఊపావు చూడు, ఎంత సన్నబడిపోయిందో ఆ చెయ్యి. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వి చాలా రోజులైంది.

ఎదురుగా అయితే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నా. అక్కా, రేపంటే నాకు చాలా భయంగా ఉంది.

ప్రసన్నకుమార్ డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి అంతా చెప్పారు. మందులిచ్చి మీ అక్క ఎముకల్లో చెడిపోయిన మూలుగ మొత్తం తుడిచేశాం, రేపు పొద్దున నీ నడుం ఎముకలోంచి తీసి ఆమెకి ఎక్కిస్తాం అన్నారు. ఇంట్లో అందరికీ టెస్టులు చేస్తే నాదొక్కటే నీకు కలిసింది కదా. నేను లేకపోతే ఏమవుతుంది సార్ అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మాట ఎందుకు బాబూ, నువ్వున్నావుగా అన్నారు. అప్పట్నించి నాకు ముద్ద దిగట్లేదు. మత్తు ఇస్తారట. అందులోంచి మళ్లీ లేవకపోతే? సూది ఎంతుంటుందో ఆయన చూపించలేదు. చూపించలేదంటే పెద్దదే అయ్యుంటుంది.

ఇవాళ నీ తలకి మెత్తటి స్కార్ఫ్ తెస్తానని అమ్మకి చెప్పి అబిడ్స్‌కి బయల్దేరాను. ఎండ మాడ్చేస్తోంది. నాంపల్లిలో స్టేషన్ దాటాక ఒక మ్యూజియం ఉంది, పాతకాలం ముస్లిం రాజుల సామాన్లు పెట్టినది. స్కూలు పిల్లలు వరుసగా లోపలికి పోతుంటే వాళ్ల వెనకే దూరిపోయాను.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. నీలం రంగు పింగాణీ పలకలు, వెండి తీగ పొదిగిన నల్లటి హుక్కాలు, గోడ మొత్తం వేలాడదీసిన తివాచీ. నువ్వైతే ఒక్కోదాని ముందు గంట నిలబడేదానివి. నేను మాత్రం ఒక బాకు ముందు బిగుసుకుపోయాను. పిడి మీద ఆకుపచ్చ రాయితో చిలక తల చెక్కారు, ఎంత ముద్దుగా ఉందో. కింద మొన చూస్తే నాకు డాక్టరుగారి సూదే గుర్తొచ్చింది.

పక్కకి తిరిగితే అద్దాల పెట్టెలో ఒక చొక్కా. తెల్లటి గుడ్డ మొత్తం గళ్లు గీసి, గళ్ల నిండా చీమల్లా అరబీ అక్షరాలు, ఎరుపు, నీలం, బంగారం రంగుల్లో. కింద తెలుగులో రాసింది కూడబలుక్కుని చదివాను. యుద్ధానికి పోయేవాళ్లు కవచం లోపల తొడుక్కునేవాళ్లట. ఖురాన్ వాక్యాలు ఒంటి మీదుంటే బాణం తగలదని నమ్మకమట. మన తాయెత్తు లాంటిదే, కాకపోతే ఇది ఒళ్లంతా.

అక్కడ ఒక ముసలి జంట పోట్లాడుకుంటున్నారు. సుల్తాన్ బజార్లో బట్టల షాపట వాళ్లది. ఆయనేమో, ఏందే అనసూయా, గీ అంగీకి ఒక్క చిల్లు లేదు సూడు, గీడు యుద్ధానికి యాడ పోయిండు, ఇంట్లనే పండుకున్నడు అని పకపకా నవ్వాడు.

అందరు నీ లెక్కనే ఉంటరా అంది ఆవిడ. సంకల కాడ సూడు, గా పసుప్పచ్చ మరక చెమటది, ముప్పయ్యేండ్ల సంది జాకెట్లు కుడుతున్న, నాకెరుక లేదా అంది.

ఆయన వదల్లేదు. చెమటంటే భయపడ్డట్టే గదా, నేనన్నదే ఖరారు అన్నాడు.

ఔ, భయపడ్డడు. మరి ఇంట్ల పండుకునేటోడు గీ అంగీ ఎందుకు తొడుక్కుంటడు అందావిడ. ఆవిడ నా వైపు తిరిగి, ఏం బిడ్డా, నువ్వు చెప్పు అంది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. భుజాన ఉన్న బ్యాగు సర్దుకున్నాను. గంత పెద్ద బ్యాగు, యాడికి పోతున్నవ్ అని అడిగింది. కాచిగూడ అన్నాను. కాచిగూడకు బట్టల మూటెందుకురా అని ఆయన మళ్లీ నవ్వాడు. ఊకో, పిలగాడు బెదురుతున్నడు అని ఆవిడ ఆయన్ని కసిరింది.

వాళ్లు పోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. ఆ మరక చాలాసేపు చూశాను. అతనికి కూడా ముందు రోజు ముద్ద దిగలేదేమో. నువ్వూ అలాగే అద్దం వెనకాల ఉన్నావని అనిపించి ఏడుపొచ్చింది. స్కూలు పిల్లలు చూస్తున్నారని బయటికొచ్చేశాను.

స్కార్ఫ్ కొన్నాను, లేత పసుపు రంగు. అమ్మ దగ్గర ఉంది. నా భయం మాత్రం ఏమీ తగ్గలేదు అక్కా. తగ్గిందని రాస్తే నువ్వు నమ్మవు.

ఇట్లు,
అద్దానికి ఇవతలున్న నీ తమ్ముడు,
రాఘవ

తా.క.: గురువారం పొద్దున. ఇది రాత్రి పంపలేకపోయాను. పైన ఒక అబద్ధం ఉంది. నిన్న నేను బయల్దేరింది స్కార్ఫ్ కోసం కాదు. బ్యాగులో నా బట్టలున్నాయి, జేబులో తెనాలి టికెట్ ఉంది. అమ్మమ్మ దగ్గరికి పారిపోదామనుకున్నాను. నాంపల్లి ప్లాట్‌ఫారం మీద నాన్న స్నేహితుడు వామన్‌రావుగారు కనబడితే, దొరికిపోతానని ఆ మ్యూజియంలో దాక్కున్నాను. బయటికొచ్చేసరికి రైలు ఇంకా ఉంది. కూత కూడా వినబడింది. స్టేషన్ వైపు కాకుండా సుల్తాన్ బజార్ వైపు నడిచాను. స్కార్ఫ్ ఆ అనసూయమ్మ షాపులోనే దొరికింది.

ఇప్పుడే శ్రీవిద్య సిస్టర్ ఆకుపచ్చ గౌను ఇచ్చి చొక్కా విప్పమన్నారు. గదిలో ఏసీ వణికిస్తోంది, అయినా రెండు సంకల దగ్గరా తడిసిపోయి ఉంది. భయమేస్తోందా తమ్ముడూ అని అడిగారు. ఔను అన్నాను. నోరు పెగిలింది అక్కా, గట్టిగానే అన్నాను.

ఫోన్ తీసేసుకుంటున్నారు. నా చొక్కా అమ్మకి ఇచ్చారు. నువ్వు ఆ గదిలోంచి బయటికొచ్చి చూసేదాకా దాన్ని ఉతకొద్దని చెప్పు.