తెల్లారేసరికి రమ్మన్నాను

మంగళవారం

మా డైరెక్టర్ ఈరోజు మీటింగులో అందరి ముందూ నా పరువు తీశాడు. డైరీలో కూడా వాడికి గారు ఎందుకు? "మిరపకోతకు పోయే తల్లులు తెల్లారగానే ఆటో ఎక్కుతారండీ. వాళ్ల పిల్లల్ని చూసుకునే మన సెంటర్ తొమ్మిదింటికి తీస్తే ఎవరికండీ లాభం?" అన్నాను. "ఫొటోలో ఉయ్యాలలు నిండుగా కనపడాలమ్మా, డబ్బిచ్చేవాళ్లు చూసేది అదే. నీకు తెలీనివి మాట్లాడకు," అన్నాడు.

రేపు ఆ డబ్బిచ్చే మేడమ్ సెంటర్ చూడటానికి వస్తున్నారు. పదకొండింటికి రమ్మని చెప్పే పని నాకే అప్పజెప్పాడు. నేను తెల్లారేసరికి రమ్మన్నాను. తాళం వేసిన మా తలుపు ముందు నుంచే తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని చేలకు పోతారు. ఆవిడ కళ్లారా చూస్తారు.

ఆవిడకి కోపమొచ్చి సెంటరే మూయించేస్తే...

తాళంచెవి గుంటూరులో వాడి దగ్గరే ఉంటుంది, వాడొచ్చి తీస్తేనే తొమ్మిదింటికైనా సెంటర్ తెరుచుకునేది. రోజూ ఫోన్ చేసి వాణ్ణి నిద్ర లేపేది నేనే. రేపు లేపను.