డిసెంబరు ఎండ

2004 జూన్ 7
నాన్న కేసు వచ్చే నెల పదిహేనున. కిందటేడు డిసెంబరులో గన్నవరం నుంచి రొయ్యల ఫ్యాక్టరీ కూలీలను తీసుకొస్తూ వ్యాన్‌ను కాలవలోకి దించేశాడు. అందులో ఉన్న మా వీధి సువార్తమ్మ చనిపోయింది. ఎండ కళ్ళలో కొట్టింది, మలుపు కనపడలేదు అంటాడు. ఎవరూ నమ్మడం లేదు.

నేను నమ్ముతున్నాను. నేను పనిచేసే మల్టీమీడియా సెంటర్‌లో ల్యాండ్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ గట్టు, కాలవ, రోడ్డు మొత్తం త్రీడీలో కడతాను. డ్రైవర్ సీటులోంచి ఏం కనపడిందో జడ్జిగారికి చూపిస్తాను.

జూన్ 10
మలుపు దగ్గరికి వెళ్ళాను. టేపు పెట్టి గట్టు కొలిచాను. యాక్సిడెంట్ అయిన టైముకే, సాయంత్రం అయిదుంబావుకి, రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఎండ సూటిగా మొహాన కొట్టింది. ఏడుపొచ్చింది, సంతోషంతో.

జూన్ 19
బొమ్మలో కాలవ నీళ్ళు సముద్రంలా నీలంగా వస్తున్నాయి. బురద రంగు కలిపాను. సాఫ్ట్‌వేర్‌లో తాటిచెట్టు లేదు, కొబ్బరిచెట్టుతో సరిపెట్టాను.

జూన్ 24
మా లాయరు దుర్గాప్రసాద్ గారు బొమ్మ చూసి, ఇది చాలమ్మా సుధామణీ అన్నారు. నాన్న కూడా చూశాడు.

జూన్ 28
తేదీ మార్చడం మర్చిపోయాను. ఊరు, తేదీ, టైము ఇస్తే సాఫ్ట్‌వేర్ సూర్యుణ్ణి తనే పెడుతుంది. జూన్ పదే ఉంచేశాను. ఇవాళ యాక్సిడెంట్ అయిన తేదీ, డిసెంబరు పన్నెండు కొట్టాను. బొమ్మ రెండరై తయారవడానికి నలభై నిమిషాలు పట్టింది.

సూర్యుడు రోడ్డుకి ఎదురుగా లేడు. చలికాలం కదా, దక్షిణానికి జరిగి ఎక్కడో ఎడంపక్క పొలాల మీదున్నాడు. మలుపు స్పష్టంగా కనపడుతోంది.

మళ్ళీ చేశాను. అంతే.

జూన్ 29
తేదీ ఎవరడుగుతారమ్మా, జూన్ బొమ్మే ఉంచెయ్యి అన్నారు లాయరుగారు.

జులై 2
నాన్నని అడిగేశాను. "నిద్ర పట్టేసిందమ్మా. మూడు రోజుల్నించీ డబుల్ డ్యూటీ. సువార్తమ్మ కేకేసింది. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు" అన్నాడు. ఎండ సంగతి అనీ అనీ చివరికి తనకే నిజమనిపించిందట.

లాయరుగారికి జూన్ బొమ్మే ఇచ్చాను. తెలిసే ఇచ్చాను.

జులై 15
జడ్జిగారు బొమ్మ చూశారు. ఆ రోజు ఇలాగే ఉందా అని నాన్నని అడిగారు. నాన్న నావైపు చూశాడు. లేదండీ, నిద్రపోయానండీ అన్నాడు.

లాయరుగారు నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయారు.

జులై 30
నాన్నకి ఏడాదిన్నర జైలు శిక్ష వేశారు. కోర్టు బయట సువార్తమ్మ భర్త సొలొమోను నాన్నకి నీళ్ళ సీసా అందించాడు. నాన్న మూత తియ్యలేదు. సీసా పట్టుకునే పోలీసు వ్యాన్ ఎక్కాడు.