తుంగ మీద ఉప్పు, గోడ మీద ఊఁ

జూన్ 5, గురువారం

మళ్లీ గోడ దగ్గరే ఉంది. చేతిలో బియ్యం చాట. ఆ చాటలో బియ్యం ఎంతకీ తరగవు... అవతల మొగిలి చెబుతున్నాడు, ఇవతల మా రాజమ్మ ఊఁ కొడుతోంది.

శ్రీరాంపూర్ బొగ్గుగనిలో రిటైరై, గోదావరిఖనిలో కూతురి దగ్గర ఉందామని పక్కింటికి వచ్చినవాడు. వచ్చి ఒక ఎండాకాలం అయింది, అంతే. వచ్చిన వారానికే మా ఆవిడను "అక్కా" అన్నాడు. ఆమె "తమ్మీ" అంది. ఆ లెక్కన నేను బావనయ్యాను. నన్నెవరూ అడగలేదు.

జూన్ 6, శుక్రవారం

ఊఁ గురించి రాసుకోవాలి.

కథ చెప్పేవాడికి ఎదురుగా ఊఁ కొట్టే మనిషి ఉండాలి. లేకపోతే అది కథ కాదు, గొణుగుడు. ఊఁ కొట్టకుంటే కథ అడవిల తప్పిపోతది బిడ్డా, అనేది మా అవ్వ. పెళ్లయిన నాటి నుంచి నా ఊఁ రాజమ్మే. షిఫ్టు దిగి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఆ రోజు గనిలో జరిగింది — జరగనిది కూడా — చెబితే ఊఁ, ఊఁ... నిద్రలో కూడా కొట్టేది. బెల్లంపల్లి నుంచి బదిలీ మీద ఒక సర్దారు, గనిలో మా ముఠాకు పెద్ద, వచ్చాడు, ఆయన మీసం ఒకవైపే ఉండేది, ఎందుకంటే — వద్దు. ఇది ఊఁ గురించి.

ఈ మధ్య నాకు వచ్చేది పొట్టి ఊఁ. నోరు తెరవకుండానే కానిస్తుంది. గోడ దగ్గర కొట్టేది నిండు ఊఁ. చివర కాస్త పైకి లేస్తుంది — తర్వాతేమైంది అన్నట్టు.

జూన్ 8, ఆదివారం

మొగిలి వాకిలి చూశాను. గచ్చు పగుళ్లలో ఒక్క పోచ లేదు. మా దాంట్లో గరిక, తుంగ, గోడ వారగా వయ్యారిభామ. తాకితే ఒళ్లంతా దురద, పేరేమో వయ్యారిభామ! పెట్టినవాడెవడో అనుభవించి పెట్టి ఉంటాడు.

"తమ్మి ఏ మందు కొట్టలె. ఇంట్ల ఉప్పుతోనే సంపిండు గడ్డిని. నువ్వూ ఉన్నవు, పొద్దంత కుర్చీల" అంది రాజమ్మ.

ఇంత వయసు వచ్చింది. ఇన్నేళ్లు ఉప్పు తిన్నాను. దానికి ఈ విద్య ఉందని మొగిలి వచ్చి చెప్పాలా?

జూన్ 9, సోమవారం

పోయి అడిగాను. అడిగేటప్పుడు నాలుక మీద ముల్లు ఉన్నట్టుంది.

"రా రా బావా. చెప్త విను. దొడ్డుప్పు తీస్కో. మసిలే నీళ్లల్ల వెయ్యి. మా శ్రీరాంపూర్ల ఒక ఓవర్‌మేన్ ఉండె..."

ఇక మొదలైంది. ఉప్పు నుంచి ఓవర్‌మేన్‌కు — అంటే గనిలో షిఫ్టు మీద అధికారి — ఓవర్‌మేన్ నుంచి ఆయన పెంచిన కుక్కకు. చెప్పే సంగతి వదిలి మనిషి ఇంతగా డొంకలు పట్టుకు తిరగకూడదు. గోడ ఇవతల నుంచి రాజమ్మ ఊఁ... ఊఁ... కుక్క దగ్గర ఇద్దరూ నవ్వారు. నేను లేచి వచ్చేశాను.

"బావా, అసలు సంగతి ఇంక చెప్పనే లేదు" అంటున్నాడు వెనకనుంచి.

ఉప్పు అన్నాడు కదా. ఇంకేం ఉంటుంది?

జూన్ 10, మంగళవారం

ఒకటి గుర్తొచ్చింది. నా చదువంతా కిరాణం పొట్లాల కాగితాల మీదే కదా. వెనకటి రాజులు, ఓడిపోయినవాడి పొలాల్లో ఉప్పు చల్లించేవారని ఒక పొట్లంలో చదివాను. చల్లితే ఏమయ్యేదో తెలియదు. కాగితం అక్కడికే చిరిగింది.

జూన్ 11, బుధవారం

రాజమ్మ పెద్దపల్లి పోయింది, చెల్లెలింటికి. ఇదే అదను. దొడ్డుప్పు బస్తా తెప్పించాను.

నీళ్లు మరిగించడాలూ అవీ ఎందుకు? నేను స్టోన్ డస్ట్ చల్లిన చెయ్యి. గనిలో బొగ్గు దుమ్ము నిప్పంటుకుని పేలకుండా దాని మీద సున్నపురాయి పొడి చల్లేవాళ్లం. నేల, పక్కలు, కప్పు — ఎక్కడా నలుపు కనబడకూడదు. అదీ పని. మణికట్టు ఆ విసురు ఇంకా మరచిపోలేదు. వాకిలి, గచ్చు, గోడ వార, గోంగూర మడి, బీరపాదు చుట్టూ... అంతా తెలుపు. పై ఆఫీసరు తనిఖీకి వచ్చి ఉంటే భుజం తట్టేవాడు.

గోడ మీద మొగిలి తల. "బావా, ఏందిది! గింతగనం..."

"పని తెలిసినోనికి చెప్పకు."

తల దిగిపోయింది. చాలా రోజులకు ఆకలి వేసింది.

జూన్ 12, గురువారం

తొలి వాన. ఉప్పంతా కరిగి నేలలోకి దిగింది. దేవుడు కూడా నా పక్షమే.

జూన్ 17, మంగళవారం

దేవుడు ఎవరి పక్షమో తెలిసింది.

రాజమ్మ వచ్చేసరికి గోంగూర ఆకుల అంచులు కాలిన కాగితంలా ఉన్నాయి. బీరపాదు మెడ వాల్చింది. తుంగ — నిటారుగా, పచ్చగా, కొత్త పోచలతో. గరిక సంగతి రాయను.

"ఏం చేసినవ్?"

చెప్పాను. స్టోన్ డస్ట్ సంగతి కూడా చెప్పాను, కొంచెం విస్తరించి.

ఊఁ లేదు. పొట్టిది కూడా.

జూన్ 18, బుధవారం

అన్నం పెట్టింది. మాట పెట్టలేదు.

జూన్ 20, శుక్రవారం

సర్దారు మీసం కథ ఎత్తుకున్నాను. అదంటే ఆమెకు ఇష్టం. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సగంలో ఆపాను. ఆపినట్టు ఆమెకు తెలియలేదు.

జూన్ 22, ఆదివారం

మొగిలి పార భుజాన వేసుకుని వచ్చాడు. నేనైతే పిలవలేదు.

"అక్కా, పైమట్టి జానెడు తీసి అవతల పోద్దాం. కింద మట్టికి నీళ్లు పెట్టి పెట్టి ఉప్పు దింపుదాం. ఫికర్ చెయ్యకు, మల్ల పెరుగుతది." నా వైపు తిరిగాడు. "ఆ రోజు నన్ను చెప్పనిచ్చినవా బావా? ఉప్పునీళ్లు గచ్చు పగుళ్లల్లనే పొయ్యాలె, కేటిలి మూతితోని, సన్నగ. మట్టిల పడ్డదంటే మనం తినేటియే సస్తయి. తుంగ సావది, దాని గడ్డ లోపల ఉంటది."

"గా ముక్క కుక్క కంటె ముందు చెప్పద్దా?"

"కుక్క అయినంకనే చెప్తుంటి. నువ్వు లేస్తివి."

రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వే. ఇన్ని రోజులకు నవ్వింది, అదీ ఆయన చేతి చలవ. లోపల భగ్గుమంది.

జూన్ 26, గురువారం

మొగిలి తవ్వుతాడు, రాజమ్మ తట్టకెత్తుతుంది, నేను మోస్తాను. నా మడిలో నేనే కూలివాణ్ణి.

తవ్వుతూనే కథ. పొద్దుటి షిఫ్టు. గని కప్పు పలుకుతోంది, కూలే ముందు అలాగే చప్పుడు చేస్తుంది. ఓవర్‌మేన్ అందర్నీ బయటికి తరిమాడు. బయట చూసుకుంటే ఒక మనిషి తక్కువ. ఎవడు తక్కువో ఎవరికీ అంతుపట్టదు...

చెప్పడం రాదు ఈయనకు. కప్పు ఎలా పలికిందో చెప్పడు. ఆనించిన కర్రలు చిటపటమనడం లేదు, పై నుంచి రాలే పొడి లేదు. నేనైతే, ఓవర్‌మేన్ మళ్లీ లోపలికి అడుగు పెట్టే చోట ఒక్క క్షణం ఆగేవాణ్ణి.

మొగిలి సరిగ్గా అక్కడే ఆగాడు.

"ఊఁ..."

నిండు ఊఁ. చివర పైకి లేచింది. రాజమ్మ తట్ట దించి నన్నే చూస్తోంది. ఆమె నోరు మూసే ఉంది.

మొగిలి కూడా చూశాడు. ఒక ఎకసెక్కెమాడి ఉంటే బాగుండేది.

ఇంతలో పక్కింట్లోంచి ఆయన కూతురు కేకేసింది, నల్లా వచ్చిందని. చేతులు దులుపుకుని పోయాడు. ఓవర్‌మేన్ ఇంకా గని లోపలే ఉన్నాడు.

జూన్ 27, శుక్రవారం

వాన. పక్కింటికి తాళం. మొగిలి మనవరాలికి జ్వరమని అందరూ కరీంనగర్ దవాఖానకు పోయారట. పిల్లకు తగ్గాలి. అదే ముఖ్యం.

ఆ తక్కువైన మనిషి ఎవడు?

జూన్ 29, ఆదివారం

పిల్లకు నెమ్మదించిందట, ఫోన్ వచ్చింది — రాజమ్మకు. ఎప్పుడు వచ్చేదీ చెప్పలేదట.

కంచం ముందు కూర్చుని అడిగాను, పప్పులో ఉప్పు అడిగినట్టు మామూలుగా.

"గాయిన దొరికిండా?"

"ఎవలు?"

"మొగిలి చెప్పినోడు. గనిల."

"ఓ, గదా? నాకు ఎండకాలంలనే చెప్పిండు."

"దొరికిండా మరి?"

పప్పు వడ్డించింది. నెయ్యి వేసింది. "నీ తీర్గ చెప్పుడు నాకెక్కడ వస్తది. తమ్మి రానియ్యి, ఆయన్నే అడుగు."

ఎండాకాలం నుంచీ తెలుసు. ఇన్నాళ్లూ నా ఎదురుగా కూర్చుని, ఆ మనిషి బతికాడో లేదో లోపల పెట్టుకుని, నాకు పొట్టి ఊఁ కొట్టింది.

వాన వెలిసింది. గోడ దాకా పోయి చూసి వచ్చాను. తాళం అలాగే ఉంది.